బాంబ్ షెల్టర్‌లో గోంగూర

నా నోటి దూల వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. అందులో అతని తప్పు వెతికినా దొరకదు. మా ఇంట్లో గిడసబారిన గోంగూర మొక్కల్ని నిలువెత్తు చేసి చూపించాడు, అంతే. తప్పంతా నాది. ఏ మాట ఎక్కడ అనాలో తెలియని వయసు కూడా కాదు నాది, యాభై మూడు దాటాయి. అందుకే దీన్ని మొదటినుంచీ చెప్పుకోవాలనిపిస్తోంది.

మేం ఉండేది సింగపూర్‌లో, టోవా పాయోలో, పదకొండో అంతస్తులో. ఇక్కడ ఈమధ్య కట్టిన ఫ్లాట్లన్నిటిలో ఉన్నట్టే మా ఫ్లాట్లోనూ బాంబ్ షెల్టర్ అనే చిన్న గది ఉంది. కిటికీ ఉండదు, తలుపు ఇనుముది. యుద్ధమంటూ వస్తే దాక్కోడానికి కట్టారు. అది వచ్చేదాకా జనం అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పాడైపోయిన ఫ్యాన్లు దాచుకుంటారు. నేను అవన్నీ బయటపడేసి అందులో గోంగూర వేశాను.

దానికి కారణం మా ఆవిడతో పంతం. ఇద్దరిదీ గుంటూరు వైపే. లిటిల్ ఇండియాలో దొరికే గోంగూర పేరుకే గోంగూర, పులుపు లేదు పాడూ లేదు అని ఆవిడ ఇరవై రెండేళ్లుగా సణుగుతూనే ఉంది. ఒకరోజు నాకు ఒళ్లు మండి, నేనే పండిస్తాను చూడు అన్నాను. బ్యాంకులో కంప్యూటర్ వ్యవస్థలు ఎక్కడ ఆగిపోయాయో వెతికి పట్టుకోవడం నా పని. ఒక ఆకుకూర నాకో లెక్కా అనుకున్నాను.

ఆన్‌లైన్లో విత్తనాలు, మట్టి, తెల్లటి ఎల్ఈడీ దీపాలు, టైమర్ తెప్పించాను. దీపాలు పొద్దున ఏడింటికి వెలిగి సాయంత్రం ఏడింటికి ఆరేలా పెట్టాను. బయట సింగపూర్ సూర్యుడు చేసేదీ అదే కదా, ప్రకృతిని అనుకరించాలి అని మా అమ్మాయికి ఉపన్యాసం కూడా ఇచ్చాను. అది ఫోన్లోంచి తలెత్తకుండా "ఓకే లా" అంది.

మొక్కలు మొలిచాయి. జానెడు ఎత్తు పెరిగాయి. అక్కడ ఆగిపోయాయి.

గోడమీద పెన్సిల్‌తో గీతలు గీసి ప్రతి ఆదివారం కొలిచేవాణ్ణి. గీత మీద గీత పడేది తప్ప పైకి కదిలేది కాదు. ఇంటర్నెట్‌లో వెతికాను. ఇంట్లో దీపాల కింద పెట్టిన మొక్క పొడుగు పెరగకపోతే ఏం చేయాలి అని అడిగితే, గోంగూర గురించి చెప్పినవాడు ఒక్కడూ లేడు. సమాధానాలన్నీ గంజాయి పెంచేవాళ్లవి. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, ఓపిగ్గా, ఫొటోలతో సహా ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. వాళ్లకి అది చట్టం ఒప్పుకున్న పని కావచ్చు. ఇక్కడ గంజాయి దొరికితే జైలు, ఎక్కువ దొరికితే ఉరి. నేను ఆఫీసులో మధ్యాహ్నం భోజనం వేళ ఆ పేజీలు చదువుతూ, వెనక ఎవరైనా నడిచిన చప్పుడైతే లాప్‌టాప్ మూసేసేవాణ్ణి. గోంగూర కోసం దొంగలా బతికాను.

వాళ్లు చెప్పినవన్నీ చేశాను. దీపం మరీ దగ్గరైతే మొక్క పొట్టిగా ఉండిపోతుందన్నారు, దీపాన్ని పైకి కట్టాను. వేళ్లు కుండీలో చుట్టుకుపోయి ఉంటాయన్నారు, ఒక మొక్కను పీకి చూస్తే చుట్టుకుని లేవు, పీకిన పాపానికి అది చచ్చిపోయింది. నీళ్లు ఎక్కువయ్యాయన్నారు, తగ్గించాను. ఎరువు పోశాను, ఆకుల అంచులు మాడాయి. మా ఆవిడ పప్పులోకని రోజూ కొసలు గిల్లుకుపోతోందని కనిపెట్టి ఆవిడ మీద ఎగిరాను. గిల్లితేనే గుబురుగా వస్తుంది, మా అమ్మ అలాగే చేసేది అని ఆవిడ నామీద ఎగిరింది. ఆ పేజీల్లో ఇంకోమాట కూడా కనిపించింది, మొక్క ఎదిగే దశలో రోజుకి పద్దెనిమిది గంటలు వెలుతురు ఇవ్వాలని. అది వాళ్ల మొక్కకి, మన గోంగూరకి ఎందుకు అని దాటేశాను.

మూడో నెలలో జానెడు మొక్కలకే మొగ్గలు వచ్చాయి. నేను సంబరపడి మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ చూసి, పిందెలోనే పండిపోయాయి నీ మొక్కలు అని వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే లిటిల్ ఇండియాలో కూరగాయల కొట్టు దగ్గర ఆ తమ్ముడు కలిశాడు. ఉన్న ఒక్క గోంగూర కట్ట మీద ఇద్దరం చెయ్యి వేశాం. అతను వెంటనే చెయ్యి తీసేసుకుని, మీరు తీసుకోండి సార్ అన్నాడు. యాస చూసి ఏ ఊరని అడిగితే శ్రీకాకుళం జిల్లా అన్నాడు. తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు, అక్కడే వర్కర్ల డార్మిటరీలో ఉంటాడు. ఆరేళ్లయింది వచ్చి. నేను ఊరుకోవచ్చు కదా, మా ఇంట్లో గోంగూర తోట ఉందని గొప్పలు పోయాను. అతను నమ్మినట్టు కనిపించలేదు. పంతం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, అతన్ని అప్పటికప్పుడు ఇంటికి లాక్కొచ్చాను.

అతను చెప్పులు గుమ్మం బయట వరసగా పెట్టి, షెల్టర్‌లోకి వచ్చి కుండీల ముందు గొంతుక్కూచున్నాడు. మొగ్గను వేలితో తాకాడు. నేను ఎరువుల సంగతి, గాలి సంగతి, నా ఎక్సెల్ షీటు సంగతి చెబుతూనే ఉన్నాను. అంతా విని ఒకటే అడిగాడు, లైటు ఎన్ని గంటలు వేస్తారని. పన్నెండు అన్నాను. అతనికి నవ్వొచ్చింది గానీ, నా మొహం చూసి ఆపుకున్నాడు.

"మాకాడ గోగు కూరకి కాదు సార్, నారకేస్తాం. పొడుగే మాకు పంట. జ్యేష్ఠంలో జల్లితే ఇద్దరు మనుసులెత్తు లెగుత్తాది. ఆలీసం సేసి సావణంలో జల్లేమనుకోండి, మోకాలెత్తుకే పూత పడిపోద్ది. పగలు తగ్గిపోతంటే దానికి తెలిసిపోద్ది, ఇంక టైము నేదని. ఈ ఊళ్లో పగలు పెరగనే పెరగదు కదా సార్. దానికిక్కడ ఎప్పుడూ ఆలీసమే."

ఏడాది పొడుగునా ఏడింటికి తెల్లారి ఏడింటికి చీకటి పడే ఊళ్లో ఇరవై రెండేళ్లున్నాను, ఆ సంగతి ఒక మొక్కకి ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. బయట ఎండ దండిగా ఉంది, వాన దండిగా ఉంది, అయినా దానికి ముందు కాలం ఉందన్న నమ్మకం లేదు. అందుకని ఉన్న జానెడు ఎత్తులోనే గబగబా పూసేసి, గింజ కట్టేసి పని ముగించుకుంటుంది. నాకెందుకో నా తోటివాళ్లు చాలామంది గుర్తొచ్చారు. మూడేళ్లకని వచ్చి, వచ్చిన మొదటి వారంనుంచే తిరిగి వెళ్లే రోజులు లెక్కపెట్టుకుంటూ, ఏదీ పూర్తిగా మొదలుపెట్టకుండానే ఇక్కడ సగం జీవితం గడిపేసినవాళ్లం. అతను రెండేళ్లకని వచ్చాడట.

ఆ రోజే మొక్కలన్నీ పీకించాడు. కొత్తగా విత్తనాలు ఒత్తుగా జల్లాడు. ఒత్తుగా ఉంటే వెలుతురు కోసం పోటీపడి నిటారుగా లేస్తాయట. టైమర్ పొద్దున ఆరునుంచి రాత్రి పదిదాకా మార్పించాడు. కొస గిల్లకూడదు, కూరకి కావాలంటే కిందాకులు కోసుకోవాలి అని మా ఆవిడతో నేరుగా చెప్పాడు. నేను చెబితే మీదకొచ్చే మనిషి అతను చెబితే సరే తమ్ముడూ అంది.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. తువాస్ నుంచి మా ఇంటికి రైల్లో గంట పైనే పడుతుంది. ఉతికిన చొక్కా, తడి తల. మొక్కలు చూసుకుని, మాతో తిని, హాల్లో ఫ్యాను కింద నేలమీదే ఓ అరగంట నిద్రపోయేవాడు. సోఫా మీద పడుకోమంటే వినేవాడు కాదు. సార్ అనొద్దు అన్నా అను అని నేను మొదటి రోజునుంచే పోరు పెట్టాను. నాలుగో ఆదివారం, మొక్కలు నా నడుము దాటిన రోజు, "అన్నా, ఓపాలి ఇటు రా" అని షెల్టర్‌లోంచి కేకేశాడు. వాళ్ల వైపు అన్నని నువ్వనే అంటారట. నాకెంత సంతోషమైందో చెప్పలేను. తోబుట్టువులు లేనివాణ్ణి.

మూడో నెల వచ్చేసరికి మొక్కలు అతని తలమించి పెరిగాయి. పూత లేదు. చిన్నప్పుడు గుండ్రంగా ఉన్న ఆకులు ఎత్తు పెరిగేకొద్దీ చీలి, అయిదు వేళ్లుగా, రంపపు అంచులతో విచ్చుకున్నాయి. గోగాకు అలాగే ఉంటుంది. కానీ ఆ ఆకారం ఇంకోదాన్ని తలపిస్తుంది. మా అమ్మాయి తొంగిచూసి, "నాన్నా, దిస్ వన్ లుక్స్ లైక్ వీడ్ లా. పోలీస్ కమ్ హౌ?" అంది. గంజాయిలా ఉంది, పోలీసులొస్తే ఎలా అని. అందరం నవ్వాం. అతను కూడా నవ్వాడు. పూత పడేముందే కోస్తే నార మెత్తగా వస్తుందనీ, ఇంకో రెండు వారాల్లో కోసి, బకెట్లో నానబెట్టి, మా ఆవిడకి ఉట్టి పేనిపెడతాననీ అన్నాడు.

నేను ఫొటో తీశాను. అతను మొక్కల పక్కన, చెయ్యి పైకెత్తి కొస అందుకుంటూ. ఆ సాయంత్రం వందలమంది ఉన్న మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద రాశాను: మా ఇంటి గంజాయి తోట, పక్కనున్నవాడు మా సప్లయరు.

నవ్వుల బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. నాకొక కట్ట, నాకొక కిలో అని జోకులు. రాత్రి అవి రెండోసారి చదువుకుని మరీ నవ్వుకున్నాను. అలాంటి మనిషిని నేను.

బుధవారం మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. గొంతు చిన్నగా ఉంది. ఆ ఫొటో గ్రూపులు మారి మారి వాళ్ల డార్మిటరీకి చేరిందట. అక్కడెవరో దాని కింద రాసింది చదివి వాళ్ల తమిళ సూపర్‌వైజర్‌కి చెప్పారు. ఆయన పైవాళ్లకి చెప్పక తప్పలేదు. సోమవారం నుంచి అతన్ని పనిలోకి వెళ్లనివ్వలేదు. మూత్రం పరీక్షకి ఇచ్చాడు. ఫోను చూపించాడు. అది గోగు అని, కూర అని, తనకి వచ్చిన ఇంగ్లీషులో, వచ్చిన తమిళంలో రెండు రోజులుగా చెబుతున్నాడు. కంపెనీ అతన్ని వద్దనుకుంటే ఇక్కడ పనిచేసే పర్మిట్ అక్కడితో సరి, మర్నాడే విమానం ఎక్కాలి. మళ్లీ ఈ దేశం రానివ్వరు.

"సార్," అన్నాడు, "ఓసారి మీరొచ్చి సెప్తారేటి?"

నేను సగంరోజు సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తాను. మాటలతో పనవదు, మొక్కే చూపించాలనుకున్నాను. గోగు పువ్వుంటే ఇక చెప్పేదే లేదు. లేతపసుపు రేకులు, మధ్యలో ముదురెరుపు, మందార కుటుంబమని పసివాడైనా చెబుతాడు. కానీ దీపాలు పదిదాకా వెలిగించి పువ్వు రాకుండా చేసింది మేమే. ఉన్నదల్లా ఆకు. ఒక మొక్కని వేళ్లతో సహా పెకలించి, వేళ్లకి తడిగుడ్డ చుట్టి, పాత దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాను. దుప్పటి చాలక పైన జానెడు కొస బయటే ఉండిపోయింది. ట్యాక్సీలో పట్టదు. రైలెక్కాను.

గంట పైన, ఆకుల్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. స్టేషన్లో యూనిఫారంలో ఉన్నతను ఓసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఒక ఆంటీ జరిగి చోటిచ్చింది. జురాంగ్ ఈస్ట్ దాటాక పెట్టె ఖాళీ అయింది, అప్పుడు కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, మెళ్లో బ్యాంకు ట్యాగు. నన్నెవరూ ఆపకపోవడానికి కారణం అదే. ఇదే మొక్క అతని ఒళ్లో ఉండుంటే ఒక్క స్టేషనైనా దాటేవాడా అని ఆలోచించాను. గంజాయి అనే మాట నా నోట్లో హాస్యం, అతని పక్కన పెడితే కేసు. ఆ తేడా నాకు ముందే తెలిసుండాలి.

డార్మిటరీ ఆఫీసులో కంపెనీ తరఫున నడివయసు చైనీస్ అధికారి ఒకాయన, ఆ తమిళ సూపర్‌వైజరూ ఉన్నారు. నాకు కుర్చీ వేశారు. అతను నిలబడే ఉన్నాడు. నేనూ నిలబడ్డాను, అది పెద్ద గొప్పేమీ కాదు, కూచోలేకపోయాను. దుప్పటి విప్పి, ఇది మేం తినే ఆకుకూర అని, ఫొటో కింద రాసింది నా తెలివితక్కువ హాస్యమని చెప్పి, నాలుగాకులు తుంచి నోట్లో వేసుకుని నమిలాను. పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. అంత పుల్లటి గోంగూర నేను ఈ ఊళ్లో తినలేదు. ఇంకో ఆకు సూపర్‌వైజర్‌కి ఇచ్చాను. ఆయన వాసన చూసి, కొస కొరికి, తల పంకించి, పుళిచ్చకీరై, మా ఇంట్లోనూ వండుతారు అని అధికారితో చెప్పాడు.

అధికారి చెడ్డవాడు కాదు. పరీక్షలో ఏమీ లేదని పొద్దునే తెలిసిందట, ఈ ఫొటో సంగతే తేలక ఆగారట. రేపట్నుంచి పనిలోకి రావచ్చు అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "అంకుల్, వై యూ జోక్ లైక్ దట్?" అన్నాడు. నేను మొక్కని మళ్లీ దుప్పట్లో చుట్టాను. మొత్తం పావుగంట పట్టలేదు. రెండు రోజులుగా అతను చెబుతున్న మాటే నేనూ చెప్పాను.

గేటు దాకా అతను నాతో నడిచాడు. పని ముగించుకున్నవాళ్లు లారీల్లోంచి దిగుతున్నారు. కొందరు నా చేతిలో మొక్కని చూసి, అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. నేను క్షమించమని అడిగాను. అతను మొక్క కొసని దుప్పట్లోకి సర్దుతూ చెప్పాడు.

"మీరు కావాలని సెయ్యనేదు సార్, నాకు తెలుసు. పోటో ఎడతన్నానని ఓ మాట అడగాల్సింది. అంతే."

సార్ అనడం నేను ఫోన్లోనే విన్నాను. కంగారులో అన్నాడేమో అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు కంగారేమీ లేదు.

ఆ రాత్రి అదే గ్రూపులో రాశాను. ఫొటోలో ఉన్నది గోంగూర అని, దాన్ని పెంచింది నారగోగు పండించే ఇంటి రైతుబిడ్డ అని, నా జోకు వల్ల అతని పని పోబోయిందని, ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇది కూడా పంపమని. ఈసారి నవ్వుల బొమ్మలు రాలేదు. రెండు దణ్ణాలు వచ్చాయి. ఎంతమంది ముందుకు పంపారో నాకు తెలియదు, ఎక్కువమంది పంపి ఉండరు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఓవర్‌టైం ఉంది సార్ అని మెసేజ్ పెట్టేవాడు. మా ఆవిడ నాతో గొడవపడలేదు, అదే కష్టంగా ఉంది. మొక్కలు కప్పుకి తగిలి వంగడం మొదలుపెట్టాయి. నేను నీళ్లు పోస్తూ, టైమర్ మార్చకుండా అలాగే ఉంచాను. కొయ్యాల్సింది అతను, నాకు హక్కు లేదనిపించింది.

అయిదో ఆదివారం తలుపు కొట్టాడు. చేతిలో అరటిపళ్లు. చెప్పులు ఎప్పట్లాగే బయట వరసగా పెట్టాడు. మా ఆవిడ పలకరిస్తే అక్కా అని నవ్వుతూ బదులిచ్చాడు. షెల్టర్ తలుపు దగ్గర ఆగి, నావైపు చూసి, "ఫోను లోపలెట్టేసి రండి సార్, అప్పుడు కోద్దాం" అన్నాడు.

వెళ్లి ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చాను. ఇద్దరం కలిసి మొక్కలన్నీ కోశాం. ఆకులు మా ఆవిడ దూసుకుంది. కాడల్ని కట్టలు కట్టి బాత్రూంలో పెద్ద టబ్బులో నానేశాడు. రెండు వారాలకి ఇల్లంతా కుళ్లు కంపు కొట్టి, మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. మూడో వారం అతను వచ్చి నార తీసి, కడిగి ఆరేశాడు. ఆ ఉట్టి ఇప్పుడు మా వంటింట్లో వేలాడుతోంది. అందులో మా ఆవిడ గోంగూర పచ్చడి జాడీ పెడుతుంది. దాని ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు.

ఇదంతా రాద్దామనుకున్నప్పుడు ముందు అతన్ని అడిగాను. కాసేపు ఆలోచించి, రాయండి సార్, పేరు మాత్రం వద్దు అన్నాడు. అందుకని ఇందులో ఎవరి పేరూ రాయలేదు.